ఘాటు మధ్యలో ఆపి చూసిన కారు

కారు కొనేవాళ్లు నా దగ్గరికి వచ్చి మొట్టమొదట అడిగే మాట "రంగు ఎట్లున్నది సాంబయ్యా?" అని. రంగు చూసి చెప్పడానికి పెళ్లిచూపులకు పోయే మేనత్తలు చాలు, నేనెందుకు? కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇతరులు కొనబోయే కార్లను పరీక్షించి మంచీ చెడూ చెప్పడం నా వృత్తి. ఆ పని చేస్తూనే తల నెరిసింది. ఇప్పుడు చూపు మందగించింది గానీ చెవులు బాగానే ఉన్నాయి. వీధిలో పోతున్న కారు గొంతు విని దానికి ఏ రోగముందో మంచం మీదినుంచే చెప్పగలను. ఇది గొప్పలకు చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పలకే చెబుతున్నాను. చేసిన పని బాగా చేశానని ముసలితనంలో కూడా చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకోవాలి?

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకోసం ఇది రాస్తున్నాను. ఎక్కడెక్కడ పనిచేశాను, ఎవరు నాకు ఏ మెచ్చుకోలు బిళ్ల ఇచ్చారు, ఇవన్నీ వదిలేస్తున్నాను. అవి నాకే గుర్తులేవు. గుర్తున్నవి కొందరు మనుషులు, కొన్ని కార్లు, కొండెక్కి దిగే ఒక ఘాటు రోడ్డు.

బాపు దగ్గర నేర్చిన చదువు

మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, పశువుల అంగట్లో ఎడ్ల దళారి. చిన్నప్పుడు ఆయన వెంట తిరిగి నేర్చుకున్నదే నాకు అసలు చదువు. అమ్మేవాళ్లు అంగడిరోజు పొద్దున ఎద్దుకు ఉప్పు కలిపిన తవుడు పెట్టి కడుపునిండా నీళ్లు తాగిస్తారు. డొక్కలు నిండి ఎద్దు నిగనిగలాడుతుంది. తెలియనివాడు దాని ఎత్తు చూసి, కొమ్ములు చూసి మురిసిపోతాడు. మా బాపు మాత్రం నిండు బండికి కట్టించి, ఎక్కుడు తొవ్వలో, అంటే ఎత్తు ఎక్కే దారిలో, మధ్యన ఆపించేవాడు. ఆగిన బండిని ఎక్కుడు మీద మళ్లీ కదిలించిన ఎద్దే ఎద్దు.

"ఉరికేటి బండిని ఏ ఎద్దయినా గుంజుతది బిడ్డా. నిలబడ్డదాన్ని కదిలిచ్చుడే కష్టం" అనేవాడు.

మోటారు షెడ్డులో చేరాక నేను చేసిందల్లా బాపు మాటను ఎద్దునుంచి ఇంజనుకు మార్చుకోవడమే.

జబ్బార్ సాబు

నిజాం రాజ్యం పోయిన కొత్తలో మందమర్రి బొగ్గుబావుల దగ్గర ఒక కంట్రాక్టరు మోటారు షెడ్డులో పనికి కుదిరాను. అక్కడ మేస్త్రీ జబ్బార్ సాబు. పొట్టి మనిషి, గట్టి నోరు. కోపమొస్తే పానా విసిరేవాడు. అయితే పక్కనున్న గోడకే విసిరేవాడు, మనుషులకు కాదు. అందుకే షెడ్డు గోడ నిండా గుంటలుండేవి.

ఒకసారి దొరగారి కారొకటి వస్తే నేను పరుగున పోయి బానెట్ ఎత్తబోయాను. వెంటనే గోడకు పానా తగిలింది.

"ఠైరో! గాడీని ఎనుక చూడు, ముందుగాల మనిషిని చూడు. ఎవలు కూసుంటరు? ఏ తొవ్వల పోతది? ఇంట్ల ఎట్ల సాదుతరు? గీ మూడు అడగకుంట బానెట్ ముట్టినవో, చెయ్యి ఇరగ్గొడ్త."

కూర్చునేవాడి సుఖం, దారికి తగ్గ సత్తువ, సాదుడు ఖర్చు, అంటే దాన్ని పోషించే ఖర్చు. ఈనాడు పత్రికల్లో కార్ల గురించి పేజీలకు పేజీలు రాస్తున్నారు. ఎంత తిప్పి రాసినా ఈ మూడింటిని దాటి పోయింది నాకు కనిపించలేదు. చిన్న కారైనా, నవాబు ఇంటి కారైనా ఇంతే.

జబ్బార్ సాబు ఇంకొకటి కూడా చెప్పాడు. "ఉడుకు ఇంజను అబద్ధమాడుతది. సల్లటి ఇంజను నిజం చెప్తది." అమ్మేవాడు ముందే ఇంజను వేడి చేసుకుని వస్తాడు, ముట్టగానే మోగుతుంది. కాబట్టి అమ్మకపు కారు వస్తే నేను ముందు చాయ్ తెప్పిస్తాను. రెండో చాయ్ కూడా తెప్పిస్తాను. ఊళ్లో సంగతులన్నీ మాట్లాడిస్తాను. ఇంజను చల్లబడ్డాకే లేచి దాని దగ్గరికి పోతాను. నా చాయ్ మర్యాద చూసి మోసపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

అమావాస్యనాడు పండుకునే కారు

మెట్‌పల్లి పక్క ఊళ్లో ఒక పటేల్ ఉండేవాడు. రాజ్యం మారాక హైదరాబాదులో జాగీర్దార్లు మంచి మంచి కార్లను తక్కువకే అమ్ముకుంటున్న రోజులవి. నేనే పోయి చూసి ఆయనకు ఒక దిట్టమైన కారు కొనిపెట్టాను. కొన్నాళ్లకే కబురొచ్చింది, కారు లేవడం లేదని. నాకు తల కొట్టేసినట్టయింది. నేను ఎంచిన కారు లేవకపోవడమేమిటి?

పోయి చూస్తే కారు ఎడ్లకొట్టంలో ఉంది. ముందు భాగానికి ఎర్రమన్ను పూసి, మధ్యలో ఇత్తడి గంట కట్టారు. పొలాల అమావాస్యకు ఎడ్లతోపాటు దానికీ పండుగ చేశారట. అది సరే, ముచ్చటగానే ఉంది. కానీ బ్యాటరీ చచ్చిపోయింది, చక్రాలు కిందికి దిగాయి, వైర్లను ఎలుకలు కొరికాయి.

"ఎన్నాళ్లయింది పటేలా దీన్ని తీయక?"

"అమావాస్యనాడు బండి కట్టం. సోమారం కట్టం. నాట్లయినంక నెలంత దాన్ని మంచిగ పండనిచ్చినం. పాపం, మస్తు తిరిగింది గద!" అన్నాడు. ఆ మాట ఎంతో ప్రేమగా అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎద్దుకు విశ్రాంతి ఇస్తే బలం వస్తుంది, యంత్రానికి ఇస్తే తుప్పు వస్తుంది. ఈ మాట ఆయనకు ఎట్లా చెప్పాలి? సోమవారం ఎద్దును కట్టనివాడు దయగలవాడు. ఆ దయను నేనెందుకు తప్పుపట్టాలి? చివరికి ఇట్లా అన్నాను: "బండి కట్టకుండ్రి పటేలా. ఉత్తగ లేపి, జరసేపు కొట్టంలనే నిలబెట్టుండ్రి. అమావాస్యనాడు ఎద్దును లేపుతరా లేదా?"

"లేపుతం. లేపుడు తప్పు కాదు" అన్నాడు.

ఆ తర్వాత ఆ కారు ప్రతి అమావాస్యకూ కొట్టంలో లేచి, గంట ఊపుకుంటూ కాసేపు ఉరిమి మళ్లీ పడుకునేది. చాలా ఏళ్లు నడిచింది. కారు తెలిస్తే చాలదు, అది పోయే ఇల్లు కూడా తెలియాలని ఆ పటేల్ దగ్గరే నేర్చుకున్నాను.

ఇంకో రకంవాళ్లున్నారు. కరీంనగర్‌లో ఒక వకీలు నన్ను అడక్కుండానే ఏనుగంత విదేశీ కారు కొన్నాడు. ఏనుగును కొనొచ్చు, మేపడమే కష్టం. చిన్న రబ్బరు ముక్క పాడైతే బొంబాయినుంచి రావాలి. పెట్రోలు దాహం చెప్పనక్కరలేదు. నేను పోయేసరికి ఆ కారు వెనక సీటు మీద కోడి గుడ్లు పొదుగుతోంది. "కోడికి మాత్రం మంచి సుఖమున్నది వకీల్ సాబ్" అన్నాను. ఆయన రెండేళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత చిన్న కారు కొనేటప్పుడు ముందుగా నన్నే పిలిచాడు.

నిర్మల్ నుంచి పిలుపు

ఇక అసలు సంగతికి వస్తాను. నా వృత్తిలో నేను తల ఎత్తుకు తిరిగేది దీనివల్లే.

నిర్మల్‌లో గంగాధరరావు అని టేకు కలప వ్యాపారి ఉండేవాడు. అందరూ సావుకారి అనేవారు. ఆయన ఒక్కగానొక్క కూతురు సుభద్రను ఘాటు అవతల ఊళ్లో ఇచ్చి పెళ్లి చేశాడు. తొలి కాన్పు అడ్డం తిరిగింది. ఎడ్లబండిలో నిర్మల్‌కు తెస్తుంటే ఘాటు మీదే ఆ పిల్ల ప్రాణం పోయింది. బండికి కట్టినవి ఈయన కొనిచ్చిన ఎడ్లే, ఆ చుట్టుపక్కల వాటిని మించినవి లేవు.

ఆ దుఃఖంలో ఆయన ఊళ్లోని చిన్న ఆసుపత్రికి కూతురి పేరున ఒక కారు ఇస్తానన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు లలితాబాయి. మరాఠీ ఇంటి పిల్ల, మన తెలుగు బాగా మాట్లాడేది. ఆసుపత్రికి పాత జీపొకటి ఉంది. దాని సంగతి ఆమే చెప్పింది.

"జీపు ఘాటు ఎక్కుతది, కాదంటలేను. కానీ నిండు మనిషిని అండ్ల తెస్తే ఆ గుంతలల్ల ఎగిరెగిరి ఇక్కడికొచ్చేసరికే సగం ప్రాణం పోతది. నాకు షోకు కోసం కారు వద్దు సాంబయ్యా. అండ్ల కూసున్న ఆడమనిషి బతికి రావాలె."

అంతవరకూ సుఖమంటే దొరల షోకని నేననుకునేవాణ్ణి. మెత్తటి సీటు, నున్నటి పరుగు డబ్బున్నవాళ్ల ముచ్చట్లనుకునేవాణ్ణి. ఆ సుఖమే ఒక మనిషికి ప్రాణమవుతుందని ఆరోజు తెలిసింది. అందుకే విలాసపు కారును చూసి ఎవరైనా వెక్కిరిస్తే నేనూరుకోను.

హైదరాబాదునుంచి మూర్తిగారనే కార్ల వ్యాపారి రెండు కార్లు పంపించి, తనూ వచ్చాడు. కోస్తా మనిషి, తెల్లటి బట్టలు, తియ్యటి మాట. ఒకటి ఆకుపచ్చ అమెరికా కారు. పడవంత పొడుగు, అంచులనిండా మెరిసే పట్టీలు. ఇంకొకటి నల్లటి ఇంగ్లీషు కారు. నాలుగు తలుపులు, తోలు సీట్లు, ముందు నున్నటి చెక్కపలక. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, మధ్యరకం. ఆకుపచ్చ కారు ఆసుపత్రి ముందు ఆగగానే బజారంతా వచ్చింది. నల్లదాని వైపు చూసినవాడు లేడు.

సావుకారి ఆకుపచ్చ కారు చుట్టూ ఒకసారి తిరిగి, అక్కడే భుజం మీది తువ్వాల తీసి తన కుడిచేతి మీద కప్పి మూర్తిగారి ముందు చాచాడు. మా అంగట్లో బేరం అట్లాగే చేస్తారు. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియదు. పాపం మూర్తిగారికి ఈ పద్ధతి తెలియదు. "అబ్బే, ఎందుకండీ శ్రమ" అంటూ ఆ తువ్వాలతో చేతులు శుభ్రంగా తుడుచుకుని తిరిగిచ్చేశాడు. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు వల్ల బేరం ఆగింది. అక్కడే నాకు సందు దొరికింది.

"సావుకారీ, జర ఆగుండ్రి. నేనింకా చూడలే" అన్నాను.

"చూసుడేందిరా? ఎత్తు చూడు, పొడుగు చూడు. నా సుభద్ర పేరు మీద ఇచ్చేటిది చిన్నగుంటదా?"

"పొడుగు చూసి కొనేందుకు గది టేకు దుంగ కాదు."

ఆయన ముఖం ఎర్రబడింది. "నా పైస, నా బిడ్డ పేరు. నడుమ నువ్వెవలివి?"

నాకూ కోపం తక్కువేమీ కాదు. "కారు చూడుమని పిలిచిండ్రు గని మీ మొగం చూసి మాట్లాడుమని పిలువలే. వద్దంటే గిప్పుడే బస్సెక్కుత."

జనం నవ్వు ఆగిపోయింది. సావుకారి ముందు అట్లా మాట్లాడినవాడు నిర్మల్‌లో లేడట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిస్తే కొంచెం తగ్గి మాట్లాడేవాణ్ణేమో, చెప్పలేను. డాక్టరమ్మ మధ్యలోకి వచ్చింది గనుక సరిపోయింది.

"సావుకారిగారూ, ఎద్దును కొనేముందు మీరేం చేస్తరు?" అని మెల్లగా అడిగింది.

ఆయన తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎక్కుడు మీద ఆపి చూస్త" అన్నాడు.

"మరి ఘాటు దగ్గర్నే ఉన్నది గద" అన్నాను.

సావుకారి పడుకున్నాడు

మూర్తిగారికి రెండు చాయ్‌లు తాగించి, ఇంజన్లు చల్లబడ్డాక బయల్దేరాం. రెండూ ఒక్క తిప్పుకే లేచాయి. మనిషి తియ్యగా మాట్లాడినా సరుకు నిజాయితీదే తెచ్చాడని ఆయన్ను మెచ్చుకోవాలి.

డాక్టరమ్మ ఒక షరతు పెట్టింది. వెనక సీటు మీద ఎవరో ఒకరు పడుకుని రావాలి. కూర్చుని చెప్పే సుఖం తనకు పనికిరాదంది. జనంలో ఎవరూ ముందుకు రాలేదు. నలుగురి ముందు కారులో కాళ్లు ముడుచుకుని పడుకోవడం నామోషీ. ఆసుపత్రి నర్సు సరేనంటుండగా సావుకారి తలపాగా తీసి ముందు సీటు మీద పెట్టాడు.

"నేనే పండుకుంట. నా బిడ్డ పండుకున్నతీరుగనే పండుకుంట."

ఎవరూ నవ్వలేదు.

ముందు ఆకుపచ్చ కారు. స్టీరింగు నేను పట్టాను, పక్కన డాక్టరమ్మ కూర్చుంది. చదును రోడ్డు మీద అది వెన్నలా పోయింది, ఆ మాట ఒప్పుకోవాలి. వెనకనుంచి సావుకారి, "చూసినవా, పట్టుపరుపు తీరున్నది" అన్నాడు. ఘాటు మొదలయ్యాక కథ మారింది. స్ప్రింగులు మరీ మెత్తన. ప్రతి మలుపులోనూ బండి ఇటు ఒరిగి, అటు ఒరిగి, ఊగుతూనే ఉంది. వెడల్పాటి సీటు మీద పట్టు దొరక్క సావుకారి ఇటునుంచి అటు దొర్లాడు. సగం ఎక్కుడులో ఆపాను. మళ్లీ కదిలించబోతే పెద్ద శరీరం కదా, ఒకసారి వెనక్కి జారి, తర్వాత గట్టిగా గుంజుకుని ఎక్కింది. ఆ కుదుపుకు డాక్టరమ్మే ముందుకు తూలింది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి రేడియేటరు ఉడికి పొగలు కక్కింది. సావుకారి దిగి రోడ్డు పక్కన మోరీ గోడ మీద కూర్చుని పొద్దున తిన్నదంతా వెళ్లగక్కాడు.

"మెత్తగుంటే సుఖమనుకున్న" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"మెత్తదనం వేరు, కుదురు వేరు" అంది డాక్టరమ్మ. ఎన్నో కార్లు నడిపిన నేను అంత చక్కగా ఆ మాట చెప్పలేకపోయాను. అప్పటినుంచి దాన్ని నా మాటలాగే అందరికీ చెబుతున్నాను.

కిందికి వచ్చి నల్ల కారు తీశాం. సావుకారి ముఖం పాలిపోయి ఉంది. నర్సు వద్దన్నా వినకుండా మళ్లీ పడుకున్నాడు. ఈ సీటు పొడవు తక్కువ, మోకాళ్లు మడవాల్సి వచ్చింది. ఇరుకైందేమోనని నేననుకుంటే డాక్టరమ్మ సంతోషించింది. నిండు మనిషిని ఎడమపక్కకు తిప్పి, మోకాళ్లు మడిచి పడుకోబెట్టడమే తనకు కావలసిందట. సీటు వీపు ఆమెను దొర్లకుండా పట్టుకుంటుంది. లోపమనుకున్నదే గుణమైంది.

ఘాటు మీద ఆ కారు నేలను పట్టుకుని పోయింది. ఊగలేదు, ఒరగలేదు. అంతకుముందు ఆపిన చోటే ఆపాను. క్లచ్చు వదులుతుంటే ఇంజను గొంతు కొంచెం బరువెక్కింది. అంతే, వెనక్కి అరచెయ్యంత కూడా జారకుండా ముందుకు కదిలింది. నాకు మా బాపు గుర్తొచ్చి గట్టిగా "శభాష్" అనేశాను. పైదాకా ఎక్కాం, రేడియేటరు చల్లగానే ఉంది.

కారు ఆపినా సావుకారి లేవలేదు. మళ్లీ కడుపులో తిప్పిందేమోనని తలుపు తీశాను. ఆయన సీటు వైపు ముఖం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"గిసొంటి బండి గప్పుడుంటే నా పిల్ల బతుకుతుండెనా డాక్టరమ్మా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "ఏమో చెప్పలేను. ఇంకొకామె మాత్రం బతుకుతది" అంది.

ఆయన లేచి కళ్లు తుడుచుకుని, తలపాగా చుట్టుకుని, "నల్లదే తీసుకుందం" అన్నాడు.

ఆ కారు కూడా దేవుడిచ్చింది కాదు, దాని లోపాలూ చెప్పాను. కడుపు నేలకు దగ్గర, బండి జాడల్లోకి పోతే రాయి తగులుతుంది. వెనక డిక్కీలోకి వాన కారుతుంది. అద్దం తుడిచే పుల్ల బద్ధకంగా ఆడుతుంది. కానీ దాని టైర్లు కరీంనగర్‌లో దొరుకుతాయి, దాన్ని విప్పి బిగించగల మేస్త్రీలు మన జిల్లాల్లోనే ఉన్నారు, పెట్రోలు అమెరికాదానిలో సగం తాగుతుంది. "కారు ఇచ్చుడొక్కటే కాదు సావుకారీ, మేత గూడ ఇయ్యాలె" అన్నాను. ఉత్సాహం ఉన్నప్పుడే ఈ మాట అడగాలి, తర్వాత అడిగితే వినపడదు. తన కలప అడితి రాబడిలో ఒక వాటా పెట్రోలుకని ఆయన అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఘాటు అవతలి ఊళ్లకు, మనిషిని మంచం మీద మోసి తారు రోడ్డు దాకా తెస్తే చాలు, అక్కడికి కారు వస్తుందని చాటింపు వేయించాడు.

మూర్తిగారు ఆకుపచ్చ కారును వెనక్కి తోలుకుపోతూ, "మీరుండగా ఈ జిల్లాకు కారు తేవాలంటే భయమేస్తోందండీ" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ తీపిగానే ఉంటుంది.

వాన

శ్రావణంలో కారు ఎట్లా ఉందో చూడ్డానికి నిర్మల్ పోయాను. ఆసుపత్రి కారుకు డ్రైవరు ఇంకా కుదరలేదు. ఘాటు అవతలినుంచి వచ్చిన పొద్దుటి బస్సును దాని డ్రైవరు ఆసుపత్రి ముందు ఆపి కేకేశాడు. ఘాటు అవతల గంగమణి అనే పిల్ల నొప్పులు పడుతోందట, కాన్పు కావడం లేదు, మంచం మీద రోడ్డుకు తెస్తున్నారట. డాక్టరమ్మ సంచి తీసుకుని నా వైపు చూసింది. నేను అప్పటికే స్టీరింగు ముందున్నాను.

వాన కుండపోతగా ఉంది. సగం ఎక్కుడులో ఒక లారీ కొండనుంచి కొట్టుకొచ్చిన బురదలో దిగబడి రోడ్డుకు అడ్డంగా ఉంది. కారు ఆపాల్సి వచ్చింది. ఎక్కుడు, బురద, వాన. అద్దం తుడిచే పుల్ల ఎప్పటిలాగే బద్ధకంగా ఆడుతోంది. లారీకీ కొండకూ మధ్య సందు ఉంది గానీ పెద్ద కారు పట్టేది కాదు. మాది పడుతుందో లేదో. లారీ మనుషులు దిగి రెండు పక్కలా చేతులు చూపిస్తూ నిలబడ్డారు.

"పోతదా సాంబయ్యా?" అంది డాక్టరమ్మ.

"నేనెంచిన కారు పోకుంటెట్ల?" అన్నాను. నోటితో అన్నాను గానీ ఆ సందును కళ్లతో మళ్లీ మళ్లీ కొలుస్తున్నాను.

క్లచ్చు మెల్లగా వదిలాను. చక్రం ఒకసారి జారింది. చక్రం నేలను పట్టుకుంది. రెండు పక్కలా బెత్తెడు జాగా మిగుల్చుకుని కారు ఆ సందులోంచి దూరి పైకి పోయింది. లారీ మనుషులు ఈలలు వేశారు. ఆ ఈలలకంటే గొప్ప సన్మానం నాకు ఎవరూ చేయలేదు.

ఘాటు అవతల రోడ్డు పక్కన నలుగురు మంచం మోస్తూ, ఇద్దరు దాని మీద గొంగడి పట్టి నిలబడి ఉన్నారు. గంగమణి అరిచి అరిచి గొంతు పోయి ఉంది. రెండు దినాలనుంచి కంటిమీద కునుకు లేదని ఆమె అత్త చెప్పింది. డాక్టరమ్మ చూసి, బిడ్డ ఇంకా బతికే ఉందంది. ఎడమపక్కకు తిప్పి, మోకాళ్లు మడిచి, తల అత్త ఒడిలో పెట్టి పడుకోబెట్టాం.

దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి, బ్రేకు మీద కాలు ఆనీఆనకుండా పట్టాను. లారీని అప్పటికి పక్కకు లాగారు. మలుపు తర్వాత మలుపు. మొదట్లో వెనకనుంచి మూలుగు వినిపించేది. కొంతసేపటికి అది ఆగిపోయింది. ఉన్నట్టుండి అత్త గుండెలు బాదుకుంది.

"సప్పుడు చేస్తలేదమ్మా! నా కోడలు పోయిందమ్మా!"

కారు ఆపాను. డాక్టరమ్మ వెనక్కి వంగి నాడి పట్టుకుంది, కనురెప్ప ఎత్తి చూసింది. తర్వాత ఆమె ముఖంలో నవ్వు కనిపించింది.

"పోలేదవ్వా. పండుకున్నది. నొప్పికీ నొప్పికీ నడుమ కునుకు పట్టింది. జర బలం వస్తది, లేపకు." నా వైపు తిరిగి గుసగుసగా, "గిట్లనే పోనీ" అంది.

జీవితంలో ఎన్ని కార్లు నడిపానో, ఎందరు దొరలు వెనక కూర్చుని బాగుందన్నారో. ఆ ఘాటు మలుపుల్లో, ఆ నొప్పుల మధ్య, ఒక ఆడమనిషి నా వెనక నిద్రపోయింది. నా కళ్లు నీళ్లతో నిండి రోడ్డు మసకబారింది. వాన అనుకుని అద్దం తుడిచాను.

ఆసుపత్రికి చేరిన తర్వాత పనంతా డాక్టరమ్మది. మధ్యాహ్నం దాటాక లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తల్లీ బిడ్డా క్షేమమని నర్సు బయటికి వచ్చి చెప్పింది. అత్త కారు దగ్గరికి వచ్చి దాని ముందు భాగాన్ని రెండు చేతులతో నిమిరి మెటికలు విరిచింది.

అప్పుడే సావుకారి వచ్చాడు. గొడుగు లేదు, తలపాగా లేదు, చెప్పులు కూడా లేవు. అడితినుంచి వానలో ఉరుక్కుంటూ వచ్చినట్టున్నాడు. నా భుజాలు పట్టుకున్నాడు.

"తొవ్వల మస్తు గోసపడ్డదా? అరిచిందా, ఒర్లిందా?"

"లేదు సావుకారీ. ఘాటు దిగంగ నిద్రపోయింది."

"ఏందీ?"

"నిద్రపోయింది. కారుల."

ఆయన నా భుజాలు వదల్లేదు. తర్వాత పెద్దగా నవ్వాడు. ఆ పెద్దమనిషి నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి. నవ్వుతూనే వెనక్కి తిరిగి వానలోకి పోయాడు. బజారు ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఎదురైన ప్రతి మనిషినీ ఆపి చెప్పాడు. దుకాణాల్లోకి తొంగిచూసి చెప్పాడు. గొడుగుల కింద నడిచేవాళ్లను నిలబెట్టి చెప్పాడు. "ఘాటు మీద నిద్రపోయిందంట! ఇన్నరా, ఘాటు మీద నిద్రపోయిందంట!"

పుట్టింది ఆడపిల్లా, మగపిల్లవాడా అని అడిగితే మాత్రం ఆయనకు తెలియదు.